మిద్దె మీది ఇసుక చేపల తొట్టెలోకి దిగేముందు

అందరికీ నమస్కారం. మిద్దె తోటలు పెంచుకునేవారి సమావేశంలో చేపల తొట్టె గురించి మాట్లాడమన్నప్పుడు మొదట కొంచెం తటపటాయించాను కానీ, పిలిచిన కారణం విన్నాక సబబేననిపించింది. మీలో చాలామంది ఇళ్లలో కుండీల కోసం తెచ్చిన ఇసుక సగం బస్తా మిగిలిపోయి మెట్ల కింద పడి ఉంటుంది. పిల్లలు అడిగారని కొన్న చిన్న అక్వేరియం హాల్లో ఉంటుంది. దుకాణంలో రంగురాళ్ల ధర విన్నాక, ఉన్న ఇసుకనే అందులో పోస్తే పోలేదా అని అనిపించడం సహజమే. అది తప్పుడు ఆలోచనేమీ కాదు. మా ఇంట్లో ఉన్న మూడు తొట్లలోనూ అడుగున ఉన్నది ఇసుకే. అయితే ఇదే ఇసుకతో ఒకసారి చేపలను చంపుకున్నవాణ్ణి కూడా నేనే కాబట్టి, ఆ సంగతి దాచకుండా చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని ఉంది. ముందు వరుసలో కూర్చున్న అమ్మగారు తమ కుండీల ఇసుక కొంత కవరులో తెచ్చారు. ఇదిగో, ఈ లీటరు సీసాలో మూడో వంతు దాకా ఆ ఇసుక పోసి, మిగతాది నీళ్లతో నింపి, మూత బిగించి, గట్టిగా కుదిపి ఈ బల్ల మీద పెడుతున్నాను. దయచేసి దీన్ని ఎవరూ కదపవద్దు. నా మాటలు పూర్తయ్యాక మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో ఇసుక అనేది ఒక పదార్థం పేరు కాదు, ఒక పరిమాణం పేరు. మిల్లీమీటరులో పదహారో వంతు నుంచి 2 మిల్లీమీటర్ల వరకు ఉన్న రేణువు ఏ రాతి నుంచి వచ్చినా ఇసుకే. అంతకన్నా సన్ననిది ఒండ్రు, అంతకన్నా పెద్దది గులకరాయి. కనుక "ఇసుక చేపలకు మంచిదేనా" అని అడిగితే దానికి జవాబు లేదు. ఆ ఇసుక ఏ రాతిది, మన ఇంటికి వచ్చేలోపల దానితో ఏమేం కలిశాయి, ఈ రెండే అడగవలసిన ప్రశ్నలు. రంగు, ధర, మెరుపు తరువాతి సంగతులు.

నదిలో దొర్లి వచ్చిన ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే పలుగురాయి ఉంటుంది. అది నీటితో దాదాపు ఏ పేచీ పెట్టుకోదు. పీహెచ్‌ను పెంచదు, తగ్గించదు (పీహెచ్ అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 దగ్గర సమం), నీటి కఠినత్వాన్ని, అంటే అందులో కరిగిన సున్నం లాంటి ఖనిజాల పాలును, మార్చదు. పైగా చాలా దూరం దొర్లడం వల్ల రేణువుల మొనలు కొంత అరిగి ఉంటాయి. అందుకే మంచి గోదావరి ఇసుకో, కృష్ణా ఇసుకో దొరికిన మనిషి అక్వేరియం కోసం వేరే ఇసుక వెతుక్కోనక్కరలేదని నా అభిప్రాయం. అందులో అక్కడక్కడ కనిపించే నల్లటి రేణువులను చూసి భయపడేవాళ్లున్నారు. అవి బరువైన ఇనుప ఖనిజాల రేణువులు. అయస్కాంతం పెడితే కొన్ని అంటుకుంటాయి కూడా. కొద్దిపాటిగా ఉంటే చేపలకు వాటి వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఫిల్టరు మోటారులో అయస్కాంతం ఉంటుంది కాబట్టి దానికి మాత్రం కాస్త ఇబ్బంది.

ఇప్పుడు మన ఊళ్లలో ఇళ్లకు వాడుతున్నదాంట్లో చాలా భాగం నది ఇసుక కాదు, మేస్త్రీలు రోబో శాండ్ అనేది. అది క్రషర్‌లో గ్రానైట్ రాతిని పగలగొట్టి చేసిన పొడి. రసాయనంగా చూస్తే అదీ పెద్దగా హాని చేయదు. కానీ పగిలిన రాయి కనుక ప్రతి రేణువుకూ అంచులు పదునుగా ఉంటాయి, రాతిపొడి కూడా విపరీతంగా ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పెట్టి నలిపితే తెలిసిపోతుంది. నది ఇసుక జారుతుంది, ఇది గుచ్చుకుంటుంది. కోరీడోరస్ లాంటి అడుగుచేపలు రోజంతా మూతి ఇసుకలో పెట్టి, నోటితో తీసుకుని, మొప్పల సందుల్లోంచి వదిలేస్తూ తిండి ఏరుకుంటాయి. వాటి మీసాలు సున్నితమైనవి. మన వేళ్లకు గుచ్చుకునేది వాటి మూతికి ఇంకెంత గుచ్చుకుంటుందో ఊహించండి.

సముద్రపు ఇసుక సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉప్పు కడిగితే పోతుంది, గవ్వల తునకలు పోవు. గవ్వ అంటే కాల్షియం కార్బొనేట్. అది నెమ్మదిగా కరుగుతూ నీటిని కఠినంగా మారుస్తూనే ఉంటుంది. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యికా సరస్సుల సిక్లిడ్ చేపలు పెంచేవాళ్లకు అది కావలసిన గుణమే, మనలో ఎక్కువమందికి కాదు. ఇక భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల ఇసుక రంగు తొట్టెలో ఎంత బాగుంటుందోనని ఒకాయన నన్ను అడిగారు. అది రక్షిత భౌగోళిక వారసత్వ స్థలం, అక్కడి నుంచి గుప్పెడు కూడా తీయకూడదు అని చెప్పి ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం, తోట ఇసుక. కుండీల కోసమని నర్సరీలో తూచి ఇచ్చే ఇసుక పుట్టుకతో నది ఇసుకే కావచ్చు, కానీ అది ఉన్న చోటును కొంచెం తలచుకోండి. ఒక పక్క ఎర్రమట్టి కుప్ప, ఇంకో పక్క వర్మీ కంపోస్టు, పక్కనే కోకోపీట్, వేపపిండి, ఎముకల పొడి. అందరి పారా ఒకటే, అందరి తట్టా ఒకటే. కంపోస్టు రేణువులు తొట్టెలో కుళ్లి అమ్మోనియా వదులుతాయి. అది కడిగితే చాలావరకు పోయే దోషం. ఎముకల పొడి, ఎరువుల గుళికలు నాచును పెంచుతాయి, అదీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది పురుగుమందు. మనవాళ్లు త్రీజీ గుళికలంటారే, కార్బోఫ్యూరాన్, అది చేపలకు మహా విషం, పైగా ఆ గుళికలు ఇసుక రేణువుల్లా సన్నగా ఉండి అందులో కలిసిపోతాయి. తెగుళ్లకు పోసే బోర్డో మిశ్రమంలో ఉండేది మైలుతుత్తం, అంటే రాగి. నత్తలకు, రొయ్యలకు అది చాలా కొద్ది మోతాదులో కూడా ప్రాణాంతకం. ఇవి ఎన్నడైనా తగిలిన ఇసుకను ఎన్ని నీళ్లు పోసి కడిగినా, ఎంత మరిగించినా నేను తొట్టెలో పోయను. మరిగిస్తే పురుగులు, గుడ్లు, బూజు చస్తాయి కానీ రాగి ఎక్కడికీ పోదు. కాబట్టి వాడిన కుండీ లోని ఇసుక ఎంత తెల్లగా కనిపించినా వద్దు. బస్తా విప్పని ఇసుక, దాని పుట్టుపూర్వోత్తరాలు మీకు తెలిసిన ఇసుక అయితే ఆలోచిద్దాం.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. మా ఇంటి పైఅంతస్తు కట్టినప్పుడు మిగిలిన ఇసుక డాబా మూల కుప్పగా ఉండేది. నది ఇసుకే, కళ్లకు అద్దుకునేంత శుభ్రంగా ఉంది. ఐదు బకెట్ల నీళ్లతో కడిగి, నీళ్లు తేటపడ్డాయని తృప్తిపడి తొట్టెలో పరిచాను. అందులో అప్పటికే పదకొండు గప్పీలు ఉన్నాయి. మరునాడు పొద్దున్నే చూసేసరికి ఎనిమిది నీటి పైపొరకు వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మూడు అడుగున పక్కకు ఒరిగి ఉన్నాయి. పీహెచ్ స్ట్రిప్పు ముంచితే 9 దాటి చూపించింది. అప్పుడు గుర్తుకొచ్చింది, మేస్త్రీ ఆ కుప్ప పక్కనే గచ్చు మీద మాలు కలిపేవాడు. గట్టిపడిన సిమెంటు పలుకులు ఇసుక రంగులోనే ఉండి, ఇసుకతో పాటే కడిగినా మిగిలిపోయి, తొట్టెలో దిగాక సున్నం వదలడం మొదలుపెట్టాయి. నీళ్లు తేటగా ఉండడం వేరు, నీళ్లు మంచివి కావడం వేరని అంతకుముందు నాకు చెప్పినవాళ్లు లేక కాదు, నేను వినలేదు.

అక్కడ చేపలను చంపింది సున్నం ఒక్కటే కాదు. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే అసలైన విషం. 25 డిగ్రీల వెచ్చదనంలో, పీహెచ్ 7 ఉన్న నీటిలో ఆ విషరూపం మొత్తంలో 0.6 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి వస్తే 5 శాతం దాటుతుంది, 9కి వస్తే మూడో వంతు మించిపోతుంది. అంటే నిన్నటి దాకా చేపలు భరించిన అదే అమ్మోనియా, ఇసుక మారిన రాత్రి అరవై రెట్లు పదునెక్కింది. పైగా పాత రాళ్లన్నీ తీసి కడిగేశాను కాబట్టి, వాటిని అంటుకుని అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవుల్లో చాలా భాగాన్ని కూడా నేనే కాలువలోకి పంపించాను. ఒకేసారి అడుగంతా మార్చవలసి వస్తే ఫిల్టరు స్పాంజిని మాత్రం ముట్టుకోకుండా అలాగే ఉంచండి. ఆ జీవులు అందులోనూ కాపురముంటాయి.

అప్పటి నుంచి ఏ ఇసుకనైనా రెండు విధాలుగా చూసుకుంటున్నాను. మొదటిది వెనిగర్. చాలామంది పొడి ఇసుకపై వెనిగర్ పోసి, బుడగలు రాగానే అయ్యో సున్నం అని పారేస్తారు. పొడి ఇసుకలోంచి మొదట వచ్చే బుడగలు రేణువుల మధ్య ఇరుక్కున్న గాలివి. ముందు ఇసుకను తడిపి, నీరు వంచేసి, గాజు గిన్నెలో రెండు చెంచాలు వేసి, అప్పుడు మునిగేంత వెనిగర్ పోయండి. ఫ్యాన్ ఆపి గిన్నెను చెవి దగ్గర పెట్టుకోండి. సున్నపు పలుకులుంటే సన్నగా చిటచిటమని వినిపిస్తుంది, ఒకే చోటు నుంచి బుడగలు వరసగా పైకి లేస్తూ కనిపిస్తాయి. వెనిగర్ బలహీనమైన ఆమ్లం కనుక కొద్దిపాటి సున్నాన్ని పట్టివ్వకపోవచ్చు. అందుకే రెండో పరీక్షను నేను ఎక్కువ నమ్ముతాను. రెండు సీసాల్లో ఒకే కుళాయి నీళ్లు పట్టి, ఒకదానిలో సగం దాకా ఇసుక వేసి, మరోదానిలో వేయకుండా, వారం రోజుల తరువాత రెంటిలోనూ పీహెచ్, కఠినత్వం చూస్తే తేడా అక్కడే తేలిపోతుంది. వారం ఆగే ఓపిక లేనివారు చేపలు పెంచకపోవడమే మేలని పెద్ద మాట అనబోయాను కానీ, నేనూ ఆగనివాణ్ణే కదా.

బోరు నీళ్లు వాడేవారు ఇంకో సంగతి గమనించాలి. మీ నీరే కఠినమైనదైతే ఇసుక చేసే మార్పు అందులో కనిపించకపోవచ్చు. గప్పీ, మోలీ అలాంటి నీటిలో హాయిగా బతుకుతాయి కనుక, గవ్వ తునకల లాంటి సున్నం కొంచెం ఉన్న ఇసుకతో వాటికి కష్టం లేదు, నా గప్పీలను చంపిన సిమెంటు సున్నం సంగతి వేరు. మెత్తని నీరు కోరే చేపలైతే ఆ వెసులుబాటు లేదు.

కడగడం దగ్గర కొంచెం నిదానంగా మాట్లాడతాను, ఎందుకంటే మనం చేసే పనంతా అక్కడే ఉంది. ఇసుకను పొడిగా జల్లెడ పట్టవద్దు, ఆ సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిపి, దోమల జాలీ మీద నీళ్లు పోస్తూ జల్లించండి. ఆకులు, పుల్లలు, గులకలు జాలీ మీద మిగులుతాయి. రేణువు బొంబాయి రవ్వంత ఉంటే మేలు. మరీ సన్నదైతే గట్టిగా అణిగిపోతుంది, మరీ దొడ్డుదైతే మిగిలిన మేత రేణువుల మధ్యకు జారి అక్కడే కుళ్లుతుంది. బకెట్‌లో మూడో వంతుకు మించి ఇసుక వేయకండి. పైపు కొసను అడుగుదాకా దించి నీళ్లు వదిలి, రెండో చేత్తో బియ్యం కడిగినట్టు కలియబెట్టండి. నీరు ఎర్రగా లేచి అంచు దాటి పొర్లుతుంది. ఇసుక బరువు కనుక దిగిపోతుంది, ఒండ్రు తేలిక కనుక పోతుంది. ఐదారు సార్లకే నీళ్లు తేటపడినట్టు కనిపిస్తాయి. అప్పుడు చెయ్యి అడుగుకంటా పెట్టి ఒక్కసారి కెలకండి, మళ్లీ పాలలా మబ్బు లేస్తుంది. అలా కెలికినా మోచేతి దాకా ముంచిన చేతి వేళ్లు కనిపించేంతవరకు కడుగుతూనే ఉండాలి. నాకు ఎనిమిది కిలోల ఇసుకకు గంట పైనే పడుతుంది. సబ్బు, డిటర్జెంటు దగ్గరికి రానివ్వకండి. ఆ కడుగునీళ్లు వంటింటి సింకులో మాత్రం పోయకండి, ఇసుక పైపు మలుపులో కూర్చుంటే ప్లంబరు ఖర్చు రంగురాళ్ల ఖర్చును మించుతుంది. మీకు కుండీలున్నాయి కదా, అవి సంతోషంగా తాగుతాయి.

ఎంత ఇసుక కావాలంటే, 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న చిన్న తొట్టెలో 4 సెంటీమీటర్ల మందాన పరచడానికి దాదాపు 5.4 లీటర్ల ఇసుక పడుతుంది. లీటరు పొడి ఇసుక కిలోన్నర పైన తూగుతుంది కనుక అది ఎనిమిది, ఎనిమిదిన్నర కిలోలు. నీళ్లు, గాజు కలుపుకుంటే మొత్తం బరువు చేతులతో పక్కకు జరిపే స్థితిలో ఉండదు, కాబట్టి బల్ల గట్టిదా కాదా అన్నది ఇసుక పోయకముందే చూసుకోవాలి. పెద్ద రాయి ఏదైనా పెట్టదలిస్తే దాన్ని ముందు పెట్టి, చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద పెట్టిన రాయి కింద అడుగుచేపలు తవ్వుకుంటూ పోతే ఒకనాడు అది ఒరుగుతుంది, అటువైపు ఉన్నది గాజు.

పరిచాక నీళ్లు పోసేటప్పుడు ఇసుక మీద ఒక పళ్లెం పెట్టి, ధార దాని మీద పడేలా నెమ్మదిగా పోయాలి. ఫిల్టరును మబ్బు దిగేదాకా ఆపి ఉంచడం మంచిది. రేణువులు లోపలి చక్రంలో దూరితే అది గరగరమంటూ అరిగిపోతుంది. ఇసుక కింద పలక పెట్టి గాలితో నడిపే అండర్ గ్రావెల్ ఫిల్టరు, మన దుకాణాల్లో ఇప్పటికీ అంటగట్టేది, ఇసుకతో పనికిరాదు. పలక రంధ్రాల్లోంచి ఇసుక జారి మూసుకుపోతుంది. స్పాంజి ఫిల్టరు చాలు.

ఇసుక అంటే భయపెట్టే మాట ఇంకొకటి ఉంది, అడుగున విషవాయువు తయారవుతుందని. ఇందులో నిజం ఉంది, అతిశయోక్తి అంతకన్నా ఎక్కువ ఉంది. ఇసుక మందంగా ఉండి, దాని లోపలికి ప్రాణవాయువు అందకపోతే, అక్కడ వేరే జాతి సూక్ష్మజీవులు చేరి హైడ్రోజన్ సల్ఫైడ్ చేస్తాయి. గాజుకు ఆనిన చోట ఇసుకలో నల్లని చార కనిపిస్తుంది, కదిపితే బుడగ లేచి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అయితే ఆ వాయువు పైకి వచ్చి గాలి బాగా కలిసిన నీటిని తాకగానే త్వరగా విరిగిపోతుంది. మందం 4 సెంటీమీటర్లు మించకుండా చూసుకుని, వారానికోసారి వెదురు పుల్లతో అక్కడక్కడ కొంచెం కదిపితే ఈ బాధ దాదాపు ఉండదు. నల్లచార ఇప్పటికే మందంగా పేరుకుంటే మాత్రం మొత్తం ఒకేసారి తవ్వవద్దు, చేపలను తీసి వేరే పాత్రలో ఉంచి ఆ పని చేయండి. మలేసియన్ ట్రంపెట్ అని అమ్మే సూదిమొన నత్త పగలంతా ఇసుకలోనే దూరి తిరుగుతూ దాన్ని గుల్లగా ఉంచుతుంది. డబ్బిచ్చి కొనడం ఎందుకో నాకు తెలియదు కానీ, అది మన చెరువుల్లోనూ బతికే నత్తే. పిల్లలు బాగా పెడుతుంది, మేత ఎక్కువ వేసేవారి తొట్టెలో మరీ ఎక్కువగా. దాని సంఖ్య చూసి మనం మేత ఎంత ఎక్కువ వేస్తున్నామో తెలుసుకోవచ్చు.

మొక్కల విషయంలో మీరు నాకన్నా నేర్పరులు. ఒకటే గుర్తుంచుకోండి, కడిగిన ఇసుకలో పోషకం ఏమీ లేదు. తోటలో అలవాటు కొద్దీ కంపోస్టు కలపబోతారు, వద్దు. వేళ్లతో తినే వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్ లాంటి వాటికి వేరు దగ్గర గుచ్చే అక్వేరియం బిళ్లలు దొరుకుతాయి. 1850 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా, కొన్ని నత్తలు కలిపి తొట్టెలో సమతుల్యం నిలిపి చూపించాడు. ఆయనకూ మొదట ఆకులు కుళ్లి నీళ్లు పాడయ్యాయి, నత్తలను వేశాకే దారికి వచ్చింది. గోల్డ్‌ఫిష్ మాట వచ్చింది కనుక చెబుతున్నాను, మన ఈ చిన్న తొట్టెకు అది తగదు, అడుగు పొడవు దాకా పెరగగల చేప అది.

శుభ్రం చేసేటప్పుడు సైఫన్ గొట్టాన్ని రాళ్లలో గుచ్చినట్టు ఇసుకలో గుచ్చకండి, ఇసుకంతా బకెట్‌లోకి వచ్చేస్తుంది. వేలెడు ఎత్తున పట్టుకుని గుండ్రంగా తిప్పితే మలినం సుడి తిరిగి పైకి లేస్తుంది, దాన్ని లాగేయవచ్చు. గాజు తుడిచే స్పాంజి ఇసుక అంచుకు తగలకుండా చూసుకోండి. పలుగురాయి గాజుకన్నా గట్టిది. స్పాంజిలో ఒక్క రేణువు ఇరుక్కున్నా తొట్టెకు జీవితాంతం ఉండే గీత పడుతుంది. మా పెద్ద తొట్టెకు సరిగ్గా మధ్యలో అలాంటిది ఒకటి ఉంది, చూడవచ్చినవారు దాన్ని చీలిక అనుకుంటారు.

సరే, ఇప్పుడు సీసా చూద్దాం. వెనక ఉన్నవారు కొంచెం దగ్గరికి రండి. అడుగున ఇసుక దిగింది, అది మొదటి నిమిషంలోనే దిగి ఉంటుంది. దాని మీద ఈ సన్నని, వేలు మందం బూడిదరంగు పొర ఒండ్రు. ఇంకా దిగుతూనే ఉంది. పైన నీరు ఎర్రగానే ఉంది, అది బంకమట్టి, రేపు ఈ వేళకు కూడా పూర్తిగా దిగదు. నీటి పైన తేలుతున్న ఈ గోధుమరంగు పీచు కోకోపీట్. అమ్మా, ఈ ఇసుక బస్తాలోదా, కుండీలోంచి తీసిందా? కుండీలోదా. అందులో ఏం పెంచారు? వంగ. వంగకు పురుగు పట్టినప్పుడు ఏం వేశారో గుర్తుందా? గుళికలు వేశారా. అయితే ఈ సీసా నేను మూత తీయకుండా అలాగే ఇస్తాను, మళ్లీ వంగ కుండీలోనే పోసుకోండి. బస్తాలో మిగిలినది ఉంటే వచ్చే నెల తీసుకురండి, దాన్నీ ఇలాగే కుదిపి చూద్దాం.